టోక్యోలో నల్లబెల్లం

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

‘ఇంజనీరుగా నా అనుభవాలు’ అని నాకు అంశం ఇచ్చారు. ముప్పై ఏళ్ళకు పైగా పంపులు, బాయిలర్లు, వాల్వులతో కాపురం చేసినవాణ్ణి. వాటి గురించి పదిహేను నిమిషాలు మాట్లాడితే భోజనాల బెల్లు కొట్టక ముందే హాలు ఖాళీ అయిపోతుంది. అందుకని కార్యదర్శి గారి అనుమతితో అంశం మార్చుకుంటున్నాను. 2023 నవంబరు చివర్లో ఒక ఆదివారం, మన స్కూల్లో ఒకే బెంచీ మీద చదువుకున్న నలుగురం కలిసి టోక్యో నగరం చూశాం. ఆ ఒక్క రోజు సంగతి చెబుతాను. అందులో ఇంజనీరింగు కొంచెం ఉంది, బెల్లం ఎక్కువ ఉంది. ఇన్నేళ్ళూ నేను ఎవరికీ చెప్పని మాట కూడా ఒకటి ఉంది.

తమ పేర్లు చెప్పొద్దని ముగ్గురూ నా దగ్గర మాట తీసుకున్నారు. కాబట్టి ఒకణ్ణి డాక్టరు అంటాను, ఒకణ్ణి టోక్యోవాడు అంటాను. మూడోవాడికి స్కూల్లో ఉన్న పేరే చాలు: బెల్లం. వాళ్ళ నాన్నగారికి మన మార్కెట్లో దుకాణం. ఇంటర్వెల్లో వాడి జేబులోని బెల్లంముక్క తినని వాడు మా క్లాసులో లేడు. వాడి నిక్కరుకి చీమలు పట్టిన రోజు కూడా మా బ్యాచ్‌కి గుర్తే.

సోషల్ మాస్టారు జపాన్ పాఠం చెప్పి మ్యాపు గీయమన్నారు. హొక్కైడో, హొన్షు, షికొకు, క్యూషు అని నాలుగు దీవులు. మేం గీసినవి నాలుగు పుచ్చు వంకాయల్లా వచ్చాయి. నలుగుర్నీ బెంచీ ఎక్కించి, “ఎప్పుడైనా వెళ్ళి చూసొచ్చి గీయండిరా” అన్నారు. మాస్టారూ, దాదాపు నలభై ఏళ్ళు పట్టింది గానీ మీ మాట నిలబెట్టాం. గీయడం మాత్రం ఇప్పటికీ రాదు.

టోక్యోవాడు ఉండేది నిషి-కసాయి అనే పేటలో. 2000 సంవత్సరం ముందు వై టూ కే పని మీద వెళ్ళిన మన సాఫ్ట్‌వేరు వాళ్ళు అక్కడ ఇళ్ళు తీసుకోవడం మొదలుపెట్టారు, తరవాత వాళ్ళ చుట్టూ మిగతావాళ్ళు చేరారు. ఇప్పుడది చిన్న ఇండియా. పొద్దున్నే వాళ్ళావిడ ఇడ్లీలు పెట్టి, “అన్నయ్యగారూ, అక్కడ బయట మీకు నచ్చే తిండి దొరకదేమో, ఇంకో రెండు వేసుకోండి” అంటూ వడ్డించింది. ఆ ఇడ్లీల బరువుతో తోజాయి లైను మెట్రో ఎక్కాం.

నిహొంబషిలో రైలు మారాలి. మారే ముందు పైకెక్కి చూద్దామన్నాను. అక్కడో రాతి వంతెన ఉంది, 1911లో కట్టింది. జపాన్ రోడ్ల దూరాలు కొలవడానికి సున్నా కిలోమీటరు గుర్తు దాని మధ్యలోనే ఉంది. అంత పేరున్న వంతెన నెత్తి మీద నుంచి, 1964 ఒలింపిక్స్ హడావుడిలో ఒక ఎక్స్‌ప్రెస్ రోడ్డు వేసేశారు. వంతెనకు ఆకాశం లేకుండా పోయింది. ఇప్పుడు తప్పు దిద్దుకుంటూ ఆ రోడ్డుని భూమి లోపలికి దించుతున్నారు, 2040 నాటికి పైనున్నది తీసేయాలని వాళ్ళ లెక్క. కట్టడం కంటే తీయడానికి ఎక్కువ కాలం పట్టే పనులుంటాయని మా వృత్తిలో అందరికీ తెలుసు, ఒప్పుకునేవాళ్ళే తక్కువ. బెల్లం నా మాట వినడం లేదు. “మన నాలుగురోడ్ల జంక్షన్లో నిలబెట్టినట్టుందిరా, పద” అన్నాడు.

అక్కణ్ణించి గింజా లైను. ఆసియాలో మొదటి భూగర్భ రైలు ఇదే. 1927 డిసెంబరు చివర్లో ఉఎనో నుంచి అసకుసా దాకా రెండు కిలోమీటర్ల పైచిలుకు వేశారు. అసకుసాలో దిగితే సెన్సోజి గుడి. 628లో ఇద్దరు జాలరి అన్నదమ్ముల వలలో సుమిదా నదిలో కన్నోన్ విగ్రహం పడిందనీ, దానికి కట్టిందే ఈ గుడి అనీ కథ. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే. గుడి ముందు పెద్ద ధూపపాత్ర. జనం ఆ పొగ దోసిళ్ళతో తీసుకుని తలకి, మోకాళ్ళకి రాసుకుంటున్నారు. డాక్టరు మోకాళ్ళకి రెండుసార్లు రాసుకున్నాడు. నాకు మాత్రం మన బొజ్జన్నకొండ గుర్తొచ్చి సిగ్గేసింది. ఊరికి కూతవేటు దూరంలో అన్ని బౌద్ధ స్తూపాలు పెట్టుకుని, చిన్నప్పుడు మనం కనుమనాడు తీర్థానికి వెళ్ళి అక్కడ రాళ్ళు విసిరొచ్చినవాళ్ళమే కదా.

గుడి పక్కన అయిదంతస్తుల పగోడా, దాని వెనకాల దూరంగా 634 మీటర్ల స్కైట్రీ టవరు. ఒక్క నిమిషం ఇంజనీరుని భరించండి. పాత చెక్క పగోడాల మధ్యలో ఒక స్తంభం ఉంటుంది. భూకంపం వస్తే చుట్టూ ఉన్న అంతస్తులు ఒకలా ఊగుతాయి, మధ్య స్తంభం ఇంకోలా ఊగుతుంది. ఒకదాని ఊపుని ఇంకొకటి తింటుంది. 2012లో తెరిచిన స్కైట్రీలోనూ అదే సూత్రం, నడిమధ్య ఒక కాంక్రీటు స్తంభం, చుట్టూ ఉక్కు. పాతదాన్ని అద్దాల బీరువాలో పెట్టి దండం పెట్టకుండా పనిలోకి దించారు. ఇది నాకు నచ్చింది. అయిపోయింది, ఇంక ఇంజనీరింగు లేదు.

అక్కడ జాతకం చీటీలు ఉంటాయి. వంద యెన్లు వేసి, డబ్బా ఊపితే ఒక పుల్ల బయటికొస్తుంది, దాని మీదున్న అంకె చూసి ఆ సొరుగు తెరిచి చీటీ తీసుకోవాలి. బెల్లానికి చెడు చీటీ వచ్చింది. ఇంగ్లీషులో కూడా రాసి ఉంది: తలపెట్టిన వ్యాపారం సాగదు అన్న అర్థం వచ్చేలా ఏదో. ఆ గుడిలో చెడు చీటీలు ఎక్కువేననీ, దాన్ని అక్కడే కమ్మీకి కట్టేసి పోతే దోషం అక్కడే ఉండిపోతుందనీ టోక్యోవాడు నచ్చజెప్పాడు. వీడు కట్టలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాకప్పుడే అనుమానం రావాల్సింది.

మధ్యాహ్నం గింజా, యురకుచో వైపు వచ్చాం. గింజా అద్దాల దుకాణాల గురించి చెప్పను, వాటి ముందు ఫోటోలు దిగాం, లోపలికి వెళ్ళే ధైర్యం చెయ్యలేదు. ఆ చుట్టుపక్కల వేరే రకం దుకాణాలున్నాయి. జపాన్‌లో ఒక్కో రాష్ట్రం వాళ్ళు తమ ఊళ్ళ సరుకు అమ్ముకోవడానికి టోక్యోలో ఒక్కో షాపు పెట్టుకుంటారు. ఎక్కడో కొండల్లో చేసే ఊరగాయ, ఎక్కడో దీవిలో పట్టే చేప అన్నీ ఊరి పేరుతో సహా అక్కడ దొరుకుతాయి. అలాంటిదే ఒకినావా దీవుల షాపు ఒకటి కనబడింది. లోపలికి వెళ్ళిన రెండు నిమిషాలకి బెల్లం గొంతు వినబడింది.

“ఒరేయ్, ఏట్రా ఇది?”

ఒక అలమారు నిండా నల్లబెల్లం.

వాళ్ళు దాన్ని కొకుతో అంటారు, అంటే నల్ల చక్కెర. చేసే పద్ధతి మనదే. చెరుకు రసం, కొంచెం సున్నం, మంట, చివర చల్లార్చి ముక్కలు చెయ్యడం. 1623లో గిమా షింజో అనే ఆయన మనుషుల్ని చైనాకి పంపి ఈ విద్య నేర్పించి తెచ్చాడు. ఇప్పుడు ఒకినావాలో ఎనిమిది దీవుల్లో చేస్తున్నారు, సంచి మీద ఏ దీవిదో రాస్తారు. ఇది హతెరుమా, మనుషులుండే దీవుల్లో జపాన్‌కి దక్షిణపు కొస. ఇది యొనగుని, పడమటి కొస. ఇది తరమా. రసం కాచి చేసిందే కొకుతో, అందులో వేరే పంచదార కలిపితే ఆ పేరు పెట్టుకోవడానికి వీల్లేదు.

రుచి చూడ్డానికి చిన్న గిన్నెల్లో ముక్కలు పెట్టారు. మా డాక్టరుకి షుగరు. రోగులకు చెప్పే మాటలన్నీ ఆ షాపులో మరిచిపోయాడు. బెల్లం మాత్రం మార్కెట్లో దిమ్మ పరీక్ష చేసినట్టే చేశాడు. ముక్కని బొటనవేలితో నొక్కాడు, వాసన చూశాడు, పంటి కింద విరిచి ఆ చప్పుడు విన్నాడు. ఒకటి తిని, “ఇది సముద్రం గాలి తగిలిన చెరుకు, ఉప్పదనం ఉంది” అన్నాడు. ఇంకోటి తిని, “దీన్ని ఒక ఉడుకు ఎక్కువ కాచారు” అన్నాడు. తరవాత ధర చూసి ఫోన్లో రూపాయల్లోకి మార్చుకున్నాడు. మళ్ళీ మార్చుకున్నాడు. మన మార్కెట్లో మొదటి రకానికి వచ్చే రేటుకి అది ఎన్నో రెట్లు.

ఇక్కడున్న చిన్నవాళ్ళకి ఒక మాట చెప్పాలి. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే రెండో పెద్దదని చిన్నప్పట్నించీ చెప్పుకుంటాం. ఆ మార్కెట్లో రేటు చెప్పేది రంగు. పచ్చగా మెరిసే దిమ్మ మొదటి రకం, రంగు తగ్గేకొద్దీ రేటు తగ్గుతుంది. అసలు నల్లబెల్లం అనగానే మన దగ్గర ముందు గుర్తొచ్చేది సారా బట్టీ. అలాంటిది, అన్నిటికంటే కడగొట్టు సరుకుని అంత ఖరీదైన వీధి పక్కన, ఊరి పేరు రాసి, అద్దాల్లో పెట్టి అమ్ముతున్నారు. బెల్లం ఎనిమిది సంచులు కొన్నాడు. ఆ బెల్లం వెనకాల కూడా అంతా తీపే లేదని టోక్యోవాడు చెప్పాడు. ఒకినావాకి ఉత్తరాన అమామి దీవుల్లో, సత్సుమా ప్రభువులు రైతుల చేత బలవంతంగా చెరుకు వేయించి, వండిందంతా పట్టుకుపోయేవారట. తాము వండింది తాము నాకినా శిక్షే. బెల్లం విని ఏమీ అనలేదు.

నాలుగున్నరకే పొద్దు గూకింది. షిబుయాలో ఆ పెద్ద కూడలి, హచికో కుక్క విగ్రహం చూద్దామని యురకుచోలో యమనోతె లైను ఎక్కాం. ఇది టోక్యోకి వడ్డాణం లాంటి రైలు. 34.5 కిలోమీటర్ల చుట్టు, 30 స్టేషన్లు, ఒక చుట్టు తిరగడానికి గంట. మొదలూ లేదు, చివరా లేదు. షిబుయాలో తలుపులు తెరుచుకున్నప్పుడు డాక్టరు, టోక్యోవాడు జనంతో పాటు దిగిపోయారు. మేమిద్దరం ఒక సంచి మీద అక్షరాలు చూసుకుంటూ కూర్చున్నాం. తలెత్తేసరికి తలుపులు మూసుకున్నాయి, అద్దం అవతల డాక్టరు చేతులూపుతున్నాడు.

టోక్యోవాడు ఫోను చేశాడు. “హరజుకులో దిగి అవతలి వైపు రైలెక్కండి, మూడు నిమిషాల్లో వచ్చేస్తారు.” నేను సరేనని లేవబోయాను. బెల్లం నా చెయ్యి పట్టుకున్నాడు. “ఎలాగూ తిరిగి అక్కడికే వస్తుందన్నావు కదరా. కూర్చో.”

హరజుకు దాటింది. షింజుకులో బండి నిండింది.

“ఈ సంక్రాంతికి దుకాణం తీసేస్తున్నానురా” అన్నాడు. చెరుకు వేసేవాళ్ళు తగ్గిపోయారు, నరికే కూలీలు దొరకరు, తుమ్మపాల ఫ్యాక్టరీ గొట్టం పొగ మానేసి ఏళ్ళయింది, కొడుకు హైదరాబాదు నుంచి రానన్నాడు. దుకాణం అమ్మేస్తే అప్పు తీరి కొంచెం మిగులుతుంది. ఇదంతా లెక్కల మాస్టారికి హోంవర్కు అప్పజెప్పినట్టు వరసగా చెప్పాడు. చివర, “ఇది చూశాక కడుపు మండుతోందిరా. తాతల నాటి నుంచీ మేం చేసిందేటి? నల్లగా ఉన్నదాన్ని పచ్చగా చేసి అమ్మడం” అన్నాడు.

అప్పుడు నేను చెప్పాను. మీకూ చెబుతాను.

మా నాన్నది శారదా నది పక్క మూడెకరాల చెరుకు. సంక్రాంతి వెళ్ళాక గానుగ దగ్గరే మా మకాం. పిప్పి మంట మీద పెద్ద పెనంలో రసం కాగుతుంటే, సున్నం నీళ్ళు పోసి, పైకి తేలిన మడ్డి తీసి, పాకం చిక్కబడుతుండగా నాన్న ఒక తెల్లటి పొడి చల్లేవాడు. హైడ్రోస్. అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైటు, బట్టల అద్దకంలో రంగు తీయడానికి వాడే సరుకు. ముదురు గోధుమ రంగు పాకం చూస్తుండగానే పసుపు తిరిగేది. సైకిలు మీద బజారుకెళ్ళి ఆ పొట్లం తెచ్చే పని నాది. పొట్లం మీద పేరుండేది కాదు. తొమ్మిదో తరగతిలో సైన్సు మేడం క్షయకరణం పాఠం చెప్పి, రంగు పోవడానికి మీరు చూసిన ఉదాహరణ చెప్పండర్రా అని అడిగారు. నేను చెయ్యెత్తాను. మళ్ళీ దించేశాను. మేడం, మీరు ఆ రోజు నన్ను చూసి, తెలియక దించాననుకున్నారు.

ఇంకో సంగతుంది. చివరి పెనంలో మాత్రం నాన్న ఆ పొడి వేసేవాడు కాదు. అది ఇంటికి. మా ఇంట్లో బెల్లం ఎప్పుడూ నల్లగానే ఉండేది.

మా దిమ్మలు వెళ్ళేది బెల్లం వాళ్ళ నాన్నగారి దుకాణానికే. మొదటి రకం అని రాసేవారు. నా కాలేజీ ఫీజులు అందులోంచే కట్టాం. “మీ నాన్నని మోసం చేసిన డబ్బుతో ఇంజనీరునయ్యానేమో అని ఎప్పుడూ ఉంటుందిరా” అన్నాను.

బెల్లం కిటికీలోంచి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. ఇకెబుకురో పోయింది, ఒక్కో స్టేషన్లో తలుపులు మూసే ముందు ఒక్కో పాట మోగుతోంది. ఉఎనో దగ్గర అన్నాడు: “నాన్నకి తెలీదనుకున్నావేట్రా? ముక్క నోట్లో వేసుకుంటే నాలిక్కి తెలిసిపోదూ? రంగు లేకపోతే కొనమని బయటి బేరగాళ్ళు మాతో అనేవారు, రంగు తెమ్మని మేం రైతులతో అనేవాళ్ళం. పొడి వేసింది మీ నాన్న, వేయించింది మేం. మా ఇంట్లో మాత్రం ఏ బెల్లం తినేవాళ్ళమనుకున్నావు? మీ నాన్న ఏటా ఒక నల్లదిమ్మ గుడ్డలో కట్టి ఇచ్చేవాడు. స్కూలుకి నా జేబులో వచ్చింది అదే.”

అంటే ఇంటర్వెల్లో మీరందరూ తిన్నది మా ఇంటి చివరి పెనంలోది. నాకు ఆ రోజు దాకా తెలీదు. నాన్న పోయి అప్పటికి పదకొండేళ్ళు.

టోక్యో స్టేషను దాటింది, మేం ఎక్కిన యురకుచో మళ్ళీ వచ్చింది, పోయింది. షిబుయాలో దిగేసరికి డాక్టరు ప్లాట్‌ఫారం మీద చలికి వణుకుతూ మమ్మల్ని తిట్టడానికి మాటలు కూడబెట్టుకుని ఉన్నాడు. కూడలి దాటాం, కుక్కతో ఫోటో దిగాం. 1925లో పోయిన యజమాని కోసం అది పదేళ్ళు స్టేషను దగ్గర ఎదురుచూసిందట. గంట నిలబడ్డ డాక్టరు ఆ విగ్రహాన్ని కొంచెం ఆత్మీయంగా చూశాడు.

తరవాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. సంక్రాంతికి బెల్లం దుకాణం తీసెయ్యలేదు. ముగ్గురు రైతులతో మాట్లాడుకుని, పొడి వెయ్యని బెల్లం మొదటి రకం రేటుకే తీసుకుంటానన్నాడు. ఆ ముగ్గురిలో ఒకడు మా చిన్నాన్న కొడుకు, మా నాన్న పొలం ఇప్పుడు వాడే చేస్తున్నాడు. కిలో ముక్కలు చేసి, ఊరి పేరు రాసి సంచుల్లో పెట్టారు. జూలై వచ్చేసరికి వానాకాలపు తేమకి సంచుల్లోనే కారిపోయింది. సగానికి సగం వెనక్కొచ్చింది. “గుళ్ళో చీటీ నిజమే చెప్పింది” అని జేబులోంచి తీసి చూపించాడు. ఇంకా దాచుకున్నాడు.

అక్కడ నేను దిగాను. ముప్పై ఏళ్ళు ఆవిరి బయటికి పోకుండా చూసినవాడికి తేమ లోపలికి రాకుండా చూడ్డం చేతకాదా? టోక్యో నుంచి తెచ్చిన ఎనిమిది సంచుల్లో ఒకటి తినకుండా అట్టేపెట్టాను, దాన్ని కోసి చూశాను. లోపల వెండి పొర, అంచులు గట్టిగా అతికిన తీరు. బెల్లాన్ని ముక్కలుగా కోశాక జల్లెడ బల్లల మీద నీడలో ఆరబెట్టడం, చల్లారాకే సంచిలో వెయ్యడం, ఆ సంచి మందం, ఇవన్నీ రెండో సీజన్లో మార్చాం. ఈసారి నష్టం వచ్చింది గానీ కారిపోలేదు. రైతుల్లో ఒకడు మానేశాడు, వాణ్ణి తప్పుపట్టను, వాడికి ఇద్దరు ఆడపిల్లల చదువులున్నాయి. మిగిలింది ఇద్దరు. బెల్లం రోజూ సాయంత్రం లెక్క చూసుకుని, “వచ్చే సంక్రాంతికి తీసేస్తా” అంటూనే ఉన్నాడు.

వాడు ఇప్పుడు ఈ హాల్లో లేడు. వెనకాల వంటల దగ్గర ఉన్నాడు. ఇవాళ్టి పరమాన్నానికి బెల్లం వాడిదే, మా పొలంలోదే. రంగు నల్లగా ఉందని వంటవాళ్ళని కోప్పడకండి. డాక్టరు గారికి మాత్రం ఒక్క గరిటే వడ్డించమని చెప్పాను.